ఎడమ కాలికి పని



ఆటోమొబైల్ పాఠాలు చెప్పి రిటైరైన మాస్టారిని అమెరికా పంపిస్తే ఏం చూసొస్తాడు? నయాగరా చూశాను, కాదనను. కానీ కూతురి ఇంట్లో ఉన్న ఆరు నెలల్లో నేను ఎక్కువ రోజులు చూసింది టెక్సాస్‌లో ఒక రేకుల షెడ్డు. అందులో స్టాండ్ల మీద నిలబెట్టిన ఒక పాత పికప్పు బండి. దాని కింద వెల్లకిలా పడుకుని, ముక్కు మీద రాలిన తుప్పు తుడుచుకుంటూ ఉండగా ఒక రాత్రి మా అమ్మాయి ఫోన్ చేసింది. "నువ్వు తినేయమ్మా, నేనిప్పుడే రాలేను, గేర్‌బాక్సు గాల్లో ఉంది" అన్నాను. ఇప్పటికీ మా ఇంట్లో ఎవరైనా పని మధ్యలో లేవలేకపోతే ఆ మాటే అంటారు.

ఈ పూట ఆ గేర్‌బాక్సు సంగతి చెబుతాను. లోకమంతా మాన్యువల్ వదిలి ఆటోమేటిక్ వైపు వెళుతుంటే, ఉన్న ఆటోమేటిక్‌ను ఊడబీకి మాన్యువల్ పెట్టించుకున్న ఒక పెద్దాయన సంగతి.

డాలస్ నగరానికి ఉత్తరంగా మా అల్లుడి కాలనీ. కాలనీ వెనక ఇంకా ప్లాట్లుగా మారని పొలాలు. అందులో ఒకటి ఈ పెద్దాయనది. డెబ్బై దాటాయి. కొన్ని ఆవులు, ఒక ట్రైలరు, 1997 మోడల్ డీజిల్ పికప్పు. పికప్పు అంటే మనకు బొలేరో, టాటా ఏస్ కళ్ల ముందు మెదులుతాయి. అక్కడిది వాటికి పెదనాన్న. ముందు భాగం కారు, వెనక తొట్టి, ఇంజన్ మాత్రం లారీది. బండి ఏ కంపెనీదో చెప్పను. జరిగినదానిలో కంపెనీ తప్పేమీ లేదు, తప్పంతా ఆవులది. ఆవుల్ని ట్రైలర్‌లో ఎక్కించి, నడి ఎండాకాలంలో ఆర్కన్సా కొండల వైపు ఏళ్ల తరబడి తిప్పాడాయన. ఆటోమేటిక్ గేర్‌బాక్సు రెండుసార్లు కాలిపోయింది. రెండుసార్లూ విప్పించి బాగుచేయించాడు. మూడోసారి ఆయిల్ చూసే పుల్ల బయటికి లాగి నా ముక్కు దగ్గర పెట్టాడు. మామూలుగా ఆ ఆయిల్ ఎర్రగా, దానిమ్మ రసంలా ఉంటుంది. ఇది డికాక్షన్ రంగులో ఉంది. మాడిన వాసన.

"ప్రొఫెసర్, ఇంక దీనితో నా వల్ల కాదు. క్లచ్ పెడల్ పెట్టించుకుంటాను. కుదురుతుందా?" అన్నాడు.

నేను ప్రొఫెసర్‌ను కానని, పాలిటెక్నిక్ లెక్చరర్‌ననీ చాలాసార్లు చెప్పాను. వినడు. "కుదురుతుంది. కానీ మీరు అనుకుంటున్న పని ఇది కాదు" అన్నాను.

శ్రోతలూ, ముందు ఆటోమేటిక్ లోపల ఏముందో ఒక్క మాటలో చెబుతాను. చారు గిన్నెలో గరిటె పెట్టి గిరగిరా తిప్పండి. గరిటె తగలకపోయినా పైన తేలే కరివేపాకు తిరుగుతుంది కదా. ఇంజన్ గరిటె. గేర్లు కరివేపాకు. మధ్యలో ఉన్న చారు ఆ ఎర్ర ఆయిల్. ఈ ఏర్పాటు ఉన్న గుండ్రటి డబ్బానే టార్క్ కన్వర్టర్ అంటారు. హెర్మన్ ఫొటింగర్ అనే జర్మన్ ఇంజనీరు 1905లో దీనికి పేటెంటు తీసుకున్నాడు. అది కార్ల కోసం కాదు, ఓడల కోసం. ఆవిరి టర్బైను చాలా వేగంగా తిరుగుతుంది, ఓడ కింద పంకా నిదానంగా తిరగాలి. ఆ ఇద్దరికీ సంధి కుదర్చడానికి ఆయిల్‌ను మధ్యవర్తిగా పెట్టాడు.

బండి గేరులో ఆగి ఉన్నా ఇంజన్ ఆఫ్ కాకుండా తిరుగుతూ ఉండడానికి కారణం ఈ చారే. కానీ కరివేపాకు ఎప్పుడూ గరిటె కంటే కాస్త వెనకబడే ఉంటుంది. ఆ వెనకబాటంతా వేడిగా మారుతుంది. ఖాళీ బండికి పర్వాలేదు. వెనక ట్రైలరు నిండా ఆవులు, ముందు ఎత్తు, బయట 40 డిగ్రీల ఎండ ఉంటే చారు కాగిపోతుంది. 90 డిగ్రీల దగ్గర సుఖంగా ఉండే ఆయిల్ 120 దాటితే పాడవడం మొదలవుతుంది. అది పాడైతే లోపలి సన్నటి క్లచ్ పలకలు జారతాయి, జారితే ఇంకా వేడి. ఈ పెద్దాయన బండికి జరిగింది అదే. నిజానికి పెద్ద ఆయిల్ కూలర్ ఒకటి మొదట్లోనే తగిలించి ఉంటే ఈ ప్రసంగం ఉండేది కాదు. ఆ మాట ఆయనతోనూ అన్నాను. "ఆ సంగతి పదిహేనేళ్ల కింద చెప్పాల్సింది" అన్నాడు.

నేనిచ్చిన మొదటి సలహా గేర్‌బాక్సు విడిగా కొనవద్దని. అదే మోడల్, అదే ఇంజన్, మాన్యువల్ గేర్లు ఉన్న బండి ఎక్కడైనా గుద్దుకుని తుక్కుకు వచ్చిందేమో వెతకమన్నాను. దొరికితే బండి మొత్తం కొనమన్నాను. ఎందుకంటే ఈ పనికి దిగేవాళ్లు గేర్‌బాక్సు, క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు లెక్క వేసుకుంటారు. పెళ్లికి బంగారం లెక్క వేసుకుని పందిరి గుంజలు మరిచిపోయినట్టు. ఆ తర్వాత ఒక చిన్న బ్రాకెట్టు కోసం మూడు వారాలు బండి స్టాండ్ల మీదే ఉంటుంది.

బెజవాడ ఆటోనగర్‌లో అయితే మేస్త్రి ఒక కుర్రాణ్ణి కేకేసి పంపిస్తే అరగంటలో ఏ లైనులో ఏ కొట్లో ఉందో పట్టుకొచ్చేవాడు. అమెరికాలో తుక్కు యార్డులకు మనమే స్పానర్లు తీసుకుని వెళ్లాలి, కావాల్సింది మనమే విప్పుకోవాలి. పెద్దాయన రెండు వారాలు తిరిగి, ముందు భాగం నుజ్జయిన బండి ఒకటి పట్టాడు. ఎంతకు కొన్నాడో నాకు తెలుసు. చెప్పను. వాళ్లావిడకు ఇంకో అంకె చెప్పి ఉన్నాడు.

ఇక పని మొదలైంది. మాతో పాటు ఆయన మనవడి స్నేహితుడు ఒకడు, వెల్డింగు తెలిసిన కుర్రాడు. వాడు రోజూ వచ్చి అడిగే ప్రశ్న ఒకటే: "ఇంకా ఎన్ని రోజులు?" నేను వాడికి ఒక లెక్క చెప్పాను. ఇంటిపెద్ద పోయిన ఇల్లు ఎలా ఉంటుందో చూశావా? ఆయన ఉన్నన్నాళ్లూ ఎవరికీ తెలియకుండా వంద పనులు జరిగిపోతుంటాయి. కరెంటు బిల్లు, పాలవాడి లెక్క, గొడ్ల చావిడి గొళ్లెం. ఆయన పోయాక ఒక్కో పనికీ ఒక్కొక్కరిని పురమాయించుకోవాలి. పురమాయించని పని ఏదో ఒక రాత్రి బయటపడుతుంది. ఆటోమేటిక్ ఆ ఇంటిపెద్ద లాంటిది. దాన్ని దింపేయడం ఒక్క పూట పని. అది చేసే ప్రతి పనికీ వారసుణ్ణి చూపించడమే మిగతా నెలంతా.

ఇంజన్ వెనక ఆటోమేటిక్‌కు పలుచని రేకు పళ్లెం సరిపోతుంది, దాని చుట్టూ స్టార్టర్ కోసం పళ్లు. మాన్యువల్‌కు బరువైన ఫ్లైవీల్ కావాలి. క్లచ్ ప్లేటు వచ్చి ఒరుసుకునేది దాని ముఖానికే. ఫ్లైవీల్ మందం ఎక్కువ గనక బోల్టులు పొడవు ఉండాలి. పాత బోల్టులు అదే రంధ్రాల్లో చక్కగా దిగుతాయి, బిగుస్తాయి కూడా. కానీ నాలుగు మరలే పట్టి ఉంటాయి. వేగంలో ఉండగా అవి ఊడితే ఫ్లైవీల్ ఎటు వెళుతుందో ఊహించుకోకపోవడమే మంచిది. క్రాంకు షాఫ్టు చివర నడిమధ్యన చిన్న బేరింగు ఒకటి కూర్చోబెట్టాలి. గేర్‌బాక్సు ముందు షాఫ్టు కొస అందులో ఆనుకుని తిరుగుతుంది. పైలట్ బేరింగ్ అంటారు. ఆటోమేటిక్‌కు అది అక్కర్లేదు, కాబట్టి అక్కడ ఖాళీ గుంటే ఉంటుంది. మరిచిపోయారనుకోండి, మళ్లీ మొత్తం దించాలి. పోసేటప్పుడు ఆయిల్ కూడా చూసుకోవాలి. మన దగ్గర గేర్‌బాక్సు అనగానే తొంభై నంబరు ఆయిల్ పోసేస్తారు. ఇలాంటి గేర్‌బాక్సుల్లో ఇత్తడి రింగులుంటాయి. వెనక ఇరుసు హౌసింగుకు పోసే జీఎల్-5 రకంలో గంధకం మందులు ఎక్కువ, అవి ఇత్తడిని తింటాయి. డబ్బా మీద జీఎల్-4 అని చూసి పోయాలి.

ఇప్పుడు ఆ రాత్రి సంగతి. గేర్‌బాక్సు 90 కిలోల పోత ఇనుము. చక్రాల జాకీ మీద గొలుసులతో కట్టి పైకి లేపాం. ముందు షాఫ్టు మీద నిలువునా సన్నటి గాళ్లు ఉంటాయి. క్లచ్ ప్లేటు మధ్య రంధ్రంలోనూ అలాంటి గాళ్లే. ఒకదానిలో ఒకటి కూర్చోవాలి, కూర్చుని ముందుకు జారి కొస బేరింగులో దిగాలి. కంటికి ఏమీ కనబడదు, అంతా చేతి వేళ్ల మీద. జరిపాం, ఊపాం, జాకీ ఎత్తాం, దించాం. ఇంజన్‌కూ గేర్‌బాక్సుకూ మధ్య అర అంగుళం ఖాళీ. ఆ అర అంగుళం గంటన్నర అలాగే ఉంది.

కుర్రాడు పొడుగు బోల్టులు తెచ్చాడు. "వీటితో బిగిస్తే అదే లోపలికి వచ్చేస్తుంది" అన్నాడు. మా విద్యార్థులు ముప్పై ఏళ్లుగా నాతో అన్న మాట అది. బిగిస్తే వస్తుంది నిజమే. గాళ్లు కుదరకుండా వస్తే క్లచ్ ప్లేటు నడుం విరుగుతుంది, లేదా గేర్‌బాక్సు చెవి పగులుతుంది. రాని చోట బలం పెట్టకూడదు. వాణ్ణి ఆపి, గేర్ రాడ్డు పెట్టే చోట స్క్రూడ్రైవరుతో టాప్ గేరులో వేశాను. వేసి బండి వెనక్కి పాకి, గేర్‌బాక్సు తోక దగ్గర ఉన్న ఫ్లాంజి రెండు చేతులతో పట్టుకుని, గడియారం ముల్లు తిప్పినంత నెమ్మదిగా తిప్పాను. గేరులో ఉంది కాబట్టి తోక తిప్పితే ముందు షాఫ్టు తిరుగుతుంది. పెద్దాయన ముందు నుంచి అరచేత్తో నెడుతున్నాడు. పావు చుట్టు తిరిగిందో లేదో...

'టక్' మంది.

ఇంత పెద్ద ఇనుము అంత చిన్న చప్పుడు చేసింది. అర అంగుళం లేదు. కుర్రాడు పొడుగు బోల్టులు డబ్బాలో పడేసి, ఏమీ మాట్లాడకుండా మామూలు బోల్టులు అందించాడు. మా అమ్మాయి ఫోన్ వచ్చింది అంతకు పది నిమిషాల ముందు.

పెడళ్ల సంగతి చెప్పాలంటే నా మెడ ఇప్పటికీ ఒప్పుకోదు. ఆటోమేటిక్ బండికి బ్రేకు పెడల్ రెండు పాదాల వెడల్పు ఉంటుంది. క్లచ్ పక్కన అది పట్టదు. తుక్కు బండిలోని పెడళ్ల సెట్టు మొత్తం విప్పి, డాష్‌బోర్డు కింద తల కిందకీ కాళ్లు సీటు మీదకీ పెట్టి బిగించాం. క్లచ్ మాస్టర్ సిలిండర్ కోసం ఇంజన్ వైపు గోడకు రంధ్రం కావాలి. కొలతలు తీసుకుని డ్రిల్లు పట్టుకుని చూస్తే, అక్కడ ముందే రంధ్రం ఉంది. రబ్బరు బిరడా బిగించి ఉంది. ఫ్యాక్టరీలో రెండు రకాల బండ్లకూ ఒకే గోడ పెట్టారు. ఇరవై ఏళ్లకు పైగా ఆ బిరడా వెనక క్లచ్ కోసం చోటు ఖాళీగా పడి ఉంది. పెద్దాయన ఆ బిరడాను కడిగి జేబులో వేసుకున్నాడు.

వెనక్కి వెళ్లే ప్రొపెల్లర్ షాఫ్టు పొడవు సరిపోలేదు, తుక్కు బండిదే పెట్టాం. లేకపోతే కోసి, వెల్డింగు చేసి, బ్యాలెన్సు చేయించాలి.

తర్వాత వైర్లు. ఆటోమేటిక్ బండి పార్కులోనో న్యూట్రల్‌లోనో ఉంటేనే స్టార్టర్ తిరుగుతుంది. ఆ స్విచ్చి పాత గేర్‌బాక్సుతో పాటే పోయింది. దాని పని ఇప్పుడు క్లచ్ పెడల్ దగ్గరి స్విచ్చికి అప్పగించాలి, పెడల్ అదిమితేనే సెల్ఫ్ పట్టేలా. చాలామంది ఆ రెండు వైర్లు కలిపి ముడివేసి పని అయిందనుకుంటారు. అప్పుడు బండి గేరులో ఉండగా తాళం తిప్పితే ఎదురుగా గోడ ఉంటే గోడలోకే. రివర్సులో వెలిగే వెనక తెల్ల లైటుకు ఇంకో స్విచ్చి. క్రూజ్ కంట్రోల్ ఉంది గనక క్లచ్ తొక్కగానే అది వదిలేయాలి, లేదంటే భారం లేని ఇంజన్ గోల పెడుతుంది. 1997 బండి కావడం మా అదృష్టం. ఈ ఇంజన్‌లో డీజిల్ పంపు పూర్తిగా యాంత్రికం, గేర్‌బాక్సు ఉన్నదీ లేనిదీ దానికి పట్టదు. ఇప్పటి బండ్లలో ఇంజన్ కంప్యూటరు, గేర్‌బాక్సు కంప్యూటరు నిమిషానికి వేల మాటలు చెప్పుకుంటాయి. ఒకటి మాయమైతే రెండోది కంగారుపడి బండిని నత్తనడకలో పెట్టేస్తుంది. ప్రోగ్రాము మార్చందే ఆ బెంగ తీరదు. అందుకే కొత్త బండికి ఈ పని చేస్తానంటే నేను వద్దనే అంటాను.

ఇక్కడ ఒక చిన్న పక్కదారి.

మన పాత లారీ డ్రైవర్లకు డబుల్ క్లచ్ అంటే తెలుసు. కింది గేరు వేయాలంటే క్లచ్ తొక్కి న్యూట్రల్ చేసి, క్లచ్ వదిలి, యాక్సిలరేటర్ ఒకసారి చిన్నగా తొక్కి, మళ్లీ క్లచ్ తొక్కి అప్పుడు గేరు. లోపల పళ్ల వేగాలు కలవకపోతే 'కర్ర్ర్' మని ఊరంతా వినపడేది. ఈ బాధ తీర్చిన సింక్రోమెష్ 1928లో క్యాడిలాక్ కార్లలో వచ్చింది. నేను చెప్పిన ఇత్తడి రింగులు ఆ వంశానివే. దాన్ని తయారుచేసిన ఇంజనీరు ఎర్ల్ థాంప్సన్. మాన్యువల్ గేర్లను ఇంత సుఖంగా మార్చినవాడు అక్కడితో ఆగవచ్చు కదా. ఆగలేదు. డ్రైవరుకు గేర్లతో పనే లేకుండా చేయాలని జనరల్ మోటార్స్‌లో బృందాన్ని పెట్టుకుని కూర్చున్నాడు. 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కార్లలో వచ్చిన హైడ్రామాటిక్, అంటే వేలల్లో తయారైన మొదటి పూర్తి ఆటోమేటిక్, ఆయన బృందం పనే. రెండో ప్రపంచ యుద్ధంలో ఎం5 స్టువర్ట్ ట్యాంకులు నడిచింది దానితోనే. నా క్లాసులో మాన్యువల్ గొప్పా ఆటోమేటిక్ గొప్పా అని పిల్లలు కొట్టుకున్నప్పుడల్లా ఈ థాంప్సన్ పేరు చెప్పి ఇద్దరి నోళ్లూ మూయించేవాణ్ణి.

అమెరికాలో ఇప్పుడు అమ్ముడయ్యే కొత్త బండ్లలో మాన్యువల్ నూటికి ఒకటో రెండో. ఫోర్డ్ ఎఫ్-150 పికప్పులో 2008 మోడల్‌తో ఆగిపోయింది. పెద్ద డీజిల్ పికప్పుల్లో చివరిదాకా నిలబడింది రామ్. అదీ 2018 మోడల్‌తో సరి. ఆ చివరి రోజుల్లో ఒకే ఇంజన్‌కు మాన్యువల్ పెడితే 660 పౌండ్-అడుగుల టార్కే ఇచ్చేవారు, ఆటోమేటిక్‌లో 900 దాటి ఇచ్చేవారు. ఇంజన్ల బలం క్లచ్ ప్లేటు మోయలేనంతగా పెరిగిపోయింది. పది గేర్ల ఆటోమేటిక్‌లు వచ్చాయి, డీజిల్ కూడా తక్కువే తాగుతాయి. కాబట్టి మాన్యువల్ పెడితే మైలేజీ పెరుగుతుందని ఎవరైనా చెబితే, పాత బండి విషయంలో వినండి, కొత్తదాని విషయంలో నవ్వి ఊరుకోండి. చిన్న పికప్పుల్లో టొయోటా టకోమా లాంటివి ఇంకా ఆరు గేర్ల రాడ్డు ఇస్తున్నాయి. మాన్యువల్ ఉంటే దొంగల భయం లేదని అక్కడ ఒక హాస్యం కూడా ఉంది. ఎత్తుకెళ్లేవాడికి నడపడం రాదట.

మన దేశంలో ఈ వ్యవహారం తలకిందులుగా నడిచింది. 2014లో మారుతి సెలేరియోతో వచ్చిన ఏఎంటీ చూడండి. అందులో గేర్‌బాక్సు మాన్యువల్‌దే, క్లచ్ ప్లేటూ అదే. డ్రైవరు ఎడమ కాలు చేసే పని, ఎడమ చెయ్యి చేసే పని మాత్రం చిన్న యంత్రాలకు అప్పగించారు. హైదరాబాద్‌లో అమీర్‌పేట ట్రాఫిక్‌లో గంట సేపు హాఫ్ క్లచ్‌లో నిలబడ్డవాళ్లెవరూ దాన్ని తప్పుపట్టరు. ఆ కుర్రాడికి ఇది చెబితే నమ్మలేదు. "మేము యంత్రాన్ని పీకి కాలు పెడుతున్నాం, మీరు కాలు పీకి యంత్రం పెడుతున్నారా?" అన్నాడు.

సరే, పక్కదారి అయిపోయింది.

మొదటిసారి తాళం తిప్పిన రోజు శనివారం. పెద్దాయన క్లచ్ అదిమాడు. సెల్ఫ్ పట్టింది, ఇంజన్ లేచింది. ఒకటో గేరు. అది ఎద్దుల బండి వేగం గేరు, ట్రైలర్ లాగడానికే ఉంది. క్లచ్ వదులుతుంటే బండి ముక్కు కాస్త లేచి, పచ్చికలోకి కదిలింది. రెండు, మూడు, నాలుగు. ఫెన్సు చివరిదాకా వెళ్లి, గేరు తగ్గించి యాక్సిలరేటర్ మీంచి కాలు తీశాడు. ఇంజనే బండిని పట్టి ఆపుతుంటే కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి ఊపాడు. ఇన్నేళ్లూ కొండ దిగేటప్పుడు బ్రేకుల్ని నమ్ముకుని దిగిన మనిషి.

తర్వాత నన్ను కూర్చోమన్నాడు. నలభై ఏళ్లు గేర్లు వేసినవాణ్ణి, నాకేం భయం అనుకున్నాను. క్లచ్ తొక్కి ఎడమ చెయ్యి గేరు మీద వేశాను. చేతికి వచ్చింది తలుపు పిడి. అక్కడ డ్రైవరు ఎడమ పక్కన కూర్చుంటాడు, గేర్ రాడ్డు కుడి చేతికి. క్లచ్ మాత్రం మనలాగే ఎడమ కాలికి. కాలికి అంతా తెలుసు, చేతికి ఏమీ తెలియదు. ఒకటో గేరు రెండు దేశాల్లోనూ ఎడమ పక్క పైకే. కానీ మన దగ్గర అది మన ఒంటికి దూరంగా తోసే గేరు, అక్కడ ఒంటి వైపు లాక్కునే గేరు. మూడు సార్లు ఒకటి అనుకుని మూడు వేశాను, మూడు సార్లూ బండి ఆగిపోయింది. పెద్దాయన మర్యాదకు ఆకాశం వైపు చూశాడు. నా ఉద్యోగ జీవితంలో అంత అవమానం ఎరగను.

రెండు వారాల తర్వాత ఒక సాయంత్రం. మా అల్లుడు పరిగెత్తుకొచ్చాడు. "మావయ్యగారూ, మీ పికప్పు నడిచిపోతోంది!" బయటికి వెళ్లి చూస్తే నిజమే. పెద్దాయన ఇంటి ముందు ఏటవాలు దారిలో బండి నెమ్మదిగా, తప్పిపోయిన దూడలా వెనక్కి వస్తోంది. లోపల ఎవరూ లేరు. ఆయన చేతిలో కిరాణా సంచులు పట్టుకుని పక్కనే నడుస్తున్నాడు. పిలిస్తే ఆగుతుందన్నట్టు. ఉత్తరాల డబ్బా గుంజను వంచి, దాని మీద వాలి, ఆగింది.

నాకు ఒక్క క్షణంలో అర్థమైంది. వారసుణ్ణి చూపించని పని ఒకటి మిగిలిపోయింది. అది పార్కు.

ఆటోమేటిక్‌లో పార్కులో పెడితే లోపల ఒక ఇనుప కొక్కెం పళ్ల చక్రంలో పడి బండిని పట్టుకుంటుంది. మాన్యువల్‌లో ఆ కొక్కెం లేదు. గేరులో వదిలిపెట్టాలి, హ్యాండ్ బ్రేకు వేయాలి. ఇది ఆయనకు తెలియక కాదు. కుర్రతనంలో అలాగే నడిపాడు. కానీ ఇరవై ఏళ్ల ఆటోమేటిక్ అలవాటులో చెయ్యి పార్కు లివర్ కోసమే వెళ్లింది. ఆ లివర్ ఇంకా ఉంది మరి! పాత బండికి గేరు లివర్ స్టీరింగు పక్కన ఉండేది. కింద గేర్‌బాక్సు మార్చాం కానీ ఆ లివర్‌ను అలాగే ఉంచేశాం, తాళంచెవి దాంతో ముడిపడి ఉంది గనక. లివర్ పార్కులో లేకపోతే చెవి బయటికి రాదు. కింద దానికి ఏమీ తగిలించి లేదు. ఆయన న్యూట్రల్ చేశాడు, లివర్ పైకి తోశాడు, చెవి వచ్చింది. చెవి వచ్చిందంటే బండి ఆగినట్టే అని నమ్మి దిగాడు.

ఆ లివర్ ఊడదీసి తాళం సెట్టు కూడా మార్చేద్దామన్నాను. తుక్కు బండి స్టీరింగు సెట్టు షెడ్డులోనే ఉంది, ఒక పూట పని. ఆయన ఒప్పుకోలేదు. ఉత్తరాల డబ్బా తానే నిలబెట్టుకున్నాడు. మన లారీల్లో క్లీనర్ కుర్రాళ్లు ఘాట్ రోడ్డులో బండి ఆగగానే దూకి వెనక చక్రం కింద రాయి పెడతారని చెప్పాను. మర్నాటికి ఒక చెక్క దిమ్మెను ఏటవాలుగా కోసి, తాడు కట్టి తొట్టిలో వేశాడు.

నేను తిరిగి వచ్చే రోజు మా పెట్టెలు ఆ బండిలోనే ఎక్కించి ఎయిర్‌పోర్టుకు తీసుకెళ్లాడు. పార్కింగ్ గ్యారేజీలో మూడో అంతస్తు. ఇంజన్ ఆపాడు. కుడి చేత్తో ఒకటో గేరు ఒంటి వైపు లాక్కున్నాడు. హ్యాండ్ బ్రేకు వేశాడు. తర్వాత స్టీరింగు పక్కన ఉన్న ఆ లివర్‌ను, దేనికీ తగలని ఆ లివర్‌ను, పార్కులోకి తోసి చెవి తీసుకున్నాడు. దిగి, తొట్టిలోంచి చెక్క దిమ్మె తీసి చక్రం కింద పెట్టాడు. అక్కడ నేల మట్టంగా ఉంది. నేనేమీ అనలేదు.